పరీక్ష అయినాక

ఈ పాటికి మొదటి పేజీ దాటి ఉంటుంది, అనుకుంది రేవతి, అనుకున్న వెంటనే నాలుక కరుచుకుంది, మళ్ళీ అదే మాట, ఉంటుంది, పొద్దున లేచినప్పటినుంచి నోట్లోంచి అదే జారుతోంది, రాసి ఉంటుంది, తిని ఉంటుంది, పడుకొని ఉంటుంది, ఎక్కడా గట్టిగా కాలు ఆనని మాట, అబద్ధం కాదు, నిజమూ కాదు, రెంటికీ నడుమ గోడ మీద కూర్చున్న మాట, తనూ గోడ మీదే కూర్చుని ఉంది, కాలేజీ గేటుకు ఎదురుగా ఎవరిదో పొట్టి ప్రహరీ, పైన కానుగ చెట్టు, దాని నీడ ఇందాక చెప్పుల దాకా ఉండింది, ఇప్పుడు మోకాళ్ళ దగ్గరికి జరిగింది. లోపల, మేడమీది ఏదో గదిలో, కూతురు హేమశ్రీ ఇంటర్ రెండో సంవత్సరం ఫ్రెంచి పరీక్ష రాస్తోంది. ఇక్కడికి గంటన్నర దూరంలో, చిత్తూరులో, మరిది ఇంటి వరండాలో, హేమశ్రీ వాళ్ళ అవ్వ దేవకమ్మ చాప మీద ఉంది, తల దక్షిణానికి పెట్టి, తలాపున దీపం పెట్టి, తెల్లవారకముందే పోయింది, నిద్రలోనే, ఎవరినీ లేపకుండా. ఆ సంగతి తనకు తెలుసు. లోపల రాస్తున్న పిల్లకు తెలియదు. ఆ పిల్లకు తెలియకుండా చేసింది తను.

ఫోను వచ్చినప్పుడు భర్త రఘునాథ్ బూట్లు వేసుకుంటున్నాడు, రేణిగుంటలో మొదటి షిఫ్టు, ఒక కాలికి బూటు ఉంది, ఇంకో కాలికి లేదు, అట్లాగే మెట్టు మీద కూలబడి, మా అమ్మ పోయిందంట, అన్నాడు, పక్కింటివాళ్ళ సంగతేదో చెప్పినట్టు. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు. హేమశ్రీ ఏదో పాఠం వల్లెవేస్తూ తలకు పోసుకుంటోంది. ఆ నీళ్ళ చప్పుడు ఆగేలోపల తేల్చుకోవాల్సి వచ్చింది, అదే తను పెట్టుకోగలిగిన సాకు, ఆలోచించే వ్యవధి లేదు, కానీ వ్యవధి ఉంటే మాత్రం ఏం చేసి ఉండేది, ఇదే చేసి ఉండేది. రఘునాథ్ లేచి తలుపు వైపు పోబోయాడు, పాపకు చెప్దాము, అవ్వంటే ప్రాణం దానికి, అన్నాడు. తను అడ్డం నిలబడింది. "పరీక్ష అయినాక," అంది. "రెండేండ్లు చదివింది. పరీక్ష అయినాక నేనే చెప్తాను. నువ్వు పో." ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, ఆ చూపులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది, ఇది మీ అమ్మ అయ్యుంటే ఇట్లాగే అంటావా అని అడిగినా బాగుండేది, అడగలేదు, రెండో బూటు తొడుక్కుని, కూతురికి ముఖం చూపించకుండా, షిఫ్టుకు పోయినట్టే బండి ఎక్కి చిత్తూరుకు పోయాడు.

తన సొంత అమ్మ అయ్యుంటే. ఈ ప్రశ్న ఎవరూ అడగకపోయినా గోడ మీద పక్కనే వచ్చి కూర్చుంది. తన అమ్మ పోయి ఇప్పటికి చాలా ఏళ్ళు, ఆ రోజు తను పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తింది, పాలు పొంగి మాడి ఇల్లంతా పొగ నిండితే వచ్చి ఆర్పింది ఎవరు, దేవకమ్మే. ఆ గిన్నె ఎన్ని రోజులు తోమినా నలుపు పోలేదు, పారేద్దాము అత్తా అంటే, ఉండనీమే, అది నీ ఏడుపు, పారేస్తే యాడికి పోతాది, అనింది.

హేమశ్రీ తల తుడుచుకుంటూ వచ్చి, అమ్మా, దీపం పెట్టలేదేమి, అని అడిగింది. దేవుడి గది వాకిలి దగ్గరే నిలబడి ఉంది రేవతి, గడప దాటలేదు, మైల కదా, తెలిసిన క్షణం నుంచి మైల. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి వేంకటేశ్వరుడి పటానికి దీపం లేని పొద్దు ఎరగదు, ఊరికి పోతే పక్కింటామెకు చెప్పి పోతుంది. ఇంకా తలకు పోసుకోలేదు, అంది. ఆ ముక్క నిజమే. "నేను పెడతాలేమ్మా" అని పిల్ల గబగబా వత్తి నూనెలో ముంచి, దీపం వెలిగించి, హాల్ టికెట్టు స్వామి పాదాల దగ్గర పెట్టి, రెండు చేతులూ కళ్ళకు అద్దుకుని, ఏదో మొక్కుకుంటూ పెదవులు కదిలించింది. అవ్వ ఒళ్ళు చల్లబడి ఉంది, మనవరాలు దీపం పెడుతోంది, తను చూస్తూ నిలబడింది. తెలియదు కాబట్టి పిల్లకు మైల లేదు. మరి దీపానికి? స్వామికి తెలుసు కదా. తెలిసినవాళ్ళకే మైల అయితే అన్నీ తెలిసిన స్వామికి ఎంత మైల ఉండాలి, పొద్దస్తమానం ఎవరో ఒకరు పోతూనే ఉంటారు, అని ఒక పిచ్చి ఆలోచన, ఎప్పుడూ రానిది, వచ్చి పోయింది.

ఇడ్లీ తింటూ పిల్ల అంది, అవ్వకు ఒకసారి ఫోన్ చేసి పోదునా, అని. అప్పుడు అంది తను ఆ మాట. "వద్దులే, పడుకోని ఉంటాది." వెంటనే హేమశ్రీ చెయ్యి ఎత్తి, ఇడ్లీ అంటిన వేళ్ళతోనే గాలిలో గీత గీసి, "అమ్మా! చూసినావా, అదే! ఎల్ స సెరా ఆఁదోర్మీ! ఫ్యూచర్ పర్ఫెక్ట్! నీకు తెలీకుండానే చెప్పేసినావు" అని నవ్వింది, దాన్నే పాటలాగా రెండుసార్లు అనుకుంది, సరేలే, పరీక్ష అయినాక చేస్తా, అంది. చట్నీ గిన్నె కోసం అన్నట్టు తను వంటింట్లోకి పోయింది. చట్నీ ముందే కంచం పక్కన ఉంది.

రోడ్డు మీద యాత్రికుల బస్సు పోయింది, కిటికీల్లోంచి గోవిందా అని ఒక్కసారిగా అరుపు, అలవాటుగా చేతులు లేచాయి, సగంలో ఆగాయి, ఒళ్ళోకి దిగాయి. చెట్టు కొమ్మల సందుల్లోంచి కొండ కనిపిస్తోంది. దాన్ని చూడకుండా ఇటు తిరిగి కూర్చుంది.

"ఏంమే రేవతీ, మొగం అట్ల పెట్టుకోనుండావు? పరీక్ష నీ కూతురికా నీకా?" మునిలక్ష్మి, వెనక వీధిలో ఉండే ఆమె, ఆమె కూతురూ లోపలే రాస్తోంది. పక్కన గోడ మీద దబ్బున కూర్చుని కొంగుతో విసురుకుంది. "మాది సంస్కృతం. నాలుగు శ్లోకాలు గీకి వచ్చేస్తానంటాది. మీది ఏందో పరంగోళ్ళ భాష. పుదుచ్చేరి అల్లుడ్ని గానీ చూసిపెట్టినావా యేంది?"

"మార్కులు బాగా వేస్తారంటే తీసుకుంది అక్కా."

"వేస్తారు వేస్తారు. దిద్దేవాడికి వస్తే కదా తప్పు తెలిసేది." తన మాటకు తనే నవ్వి, సంచిలోంచి ఆకు పొట్లం తీసింది. "ఇంద, గోవిందరాజస్వామి గుడి కాడ్నించి తెచ్చినా. పులిహోర. ఒక రవ్వ నోట్లో యేసుకో, పిల్లోళ్ళకు మంచిది."

చెయ్యి చాపింది రేవతి. చాపకుండా ఎట్లా ఉంటుంది, ప్రసాదం వద్దంటే ఎందుకని అడుగుతుంది, చెప్తే ఆమె నోరు ఊరుకోదు, గేటు తీసేసరికి సగం వీధికి తెలిసిపోతుంది, పిల్ల చెవిన అమ్మ కంటే ముందు ఎవరో వేస్తారు. పొట్లం అరచేతిలో వెచ్చగా ఉంది. మైల చేతిలో ప్రసాదం. ఇచ్చేటప్పుడు మునిలక్ష్మి వేళ్ళు తగిలాయి, ఆమెకూ అంటుకుందా, ఆమెకు తెలియదు కదా, తెలియనివాళ్ళకు లేదు. ఇంకా ఎంతమందిని ఇట్లా తెలియనివాళ్ళ లెక్కలో వేసుకుంటూ పోతుంది తను.

"పాప వచ్చినాక తింటాలే అక్కా."

"పరీక్ష దానికి, ఉపాసం నీకు. బాగుండాది కథ," అని మునిలక్ష్మి ఇంకో అమ్మ దగ్గరికి లేచిపోయింది.

వచ్చినాక. అయినాక. ఈ మాట మీదే కదా నెలరోజులు తల్లీకూతుళ్ళు కుస్తీ పట్టింది. హేమశ్రీ మొదట ఎప్పుడూ ఇక్కడే తప్పు చేసేది, పరీక్ష అయినాక అవ్వకు ఫోన్ చేస్తాను అనే వాక్యాన్ని ఫ్రెంచిలో పెట్టమంటే, అయినాక అంటే అయిపోయింది కదా అని అక్కడ అయిపోయిన రూపమే రాసేది, లెక్చరరు ఎర్ర గీత కొట్టేవాడు. కాలేదు కదమ్మా ఇంకా, అని ఆయన చెప్పాడంట, రేపు ఫోన్ చేసే వేళకు పరీక్ష అయిపోయి ఉంటుంది, ఈరోజుకు కాలేదు, ఆ సంగతి వాక్యంలో కనబడాలి. తెలుగుకు ఆ పట్టింపు లేదు. రేపటి పని కూడా నిన్నటి పని వేషం వేసుకుని దర్జాగా వస్తుంది, తిన్నాక, వచ్చినాక, అయినాక, ఇంకా జరగనిదాన్ని జరిగిపోయినట్టే ధైర్యంగా అనేస్తాము. ఎవరిచ్చారు మనకు అంత ధైర్యం, అనుకుంది రేవతి. పరీక్ష అయినాక అని తను రఘునాథ్‌తో అన్నప్పుడు, ఆ అయ్యేలోపల ఏమేమి అయిపోతాయో ఒక్క క్షణమైనా అనుకుందా.

తనకు ఫ్రెంచి రాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషే అంతంతమాత్రం. అయినా పిల్ల అప్పజెప్పేటప్పుడు పుస్తకం పట్టుకునేది తనే, పిల్ల పెన్సిలుతో ఫ్రెంచి మాటల కింద తెలుగు అక్షరాలు రాసి ఇచ్చింది, చూసుకుంటూ, పప్పు కలియబెడుతూ, తనూ పైకి చదివేది. ఝోరే, త్యు ఓరా, ఇల్ ఓరా, వూ జోరే. చిత్తూరు నుంచి వచ్చి నాలుగు రోజులు ఉన్న దేవకమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విని, "ఎవుర్నే ఓరే ఓరా అంటా ఉండావు, నా కొడుకు ఇంట్లో లేనప్పుడు?" అని లోపలికి తొంగిచూసింది. హేమశ్రీ పడీపడీ నవ్వింది. ముక్కుతో పలికేదానికి పిల్ల అరసున్న పెట్టి ఉంటే, ముసలామె అద్దాలు సర్దుకుని ఆ కాగితం దగ్గరగా పట్టుకుని, "అరసున్న! మేము పారేసినాము, వాళ్ళు ఏరుకున్నారా!" అంది, ఐదో తరగతిలో అరసున్న పెట్టనందుకు చింతబరికెతో దెబ్బలు తిన్న ఆడమనిషి, ఆ దెబ్బల జాగా ఇన్నేళ్ళకు నిమురుకున్నట్టు వేళ్ళు నిమురుకుంది. అవ్వను ఏమంటారే వాళ్ళు, అని అడిగింది. గ్రాఁమేర్. "గ్రాములా? మామిడి మండీలో పుట్టి పెరిగినదాన్ని, టన్నుల్లో పిలవమను." ఆ రోజునుంచి పిల్ల ఆమెను ఫోనులో టన్ను అవ్వా అనేది. అమ్మ ఫోనులో నంబరు కూడా అట్లాగే పెట్టుకుంది.

అయిపోయి ఉంటుంది అనే ఆ రూపం రెండు మాటల జత, అని చెప్పింది హేమశ్రీ. ముందు ఒక సాయం మాట, దాన్ని రేపటి రూపంలో పెట్టాలి, వెనక అసలు పని, దాన్ని అయిపోయిన రూపంలో పెట్టాలి. సాయం మాటలు రెండే. ఒకటి కలిగి ఉండటం, రెండోది వట్టి ఉండటం. తినేది, రాసేది, కొనేది, ముగించేది, ఇట్లాంటి పనులన్నీ కలిగి ఉండటంతో. పోయేది, వచ్చేది, ఎక్కేది, దిగేది, పుట్టేది, చచ్చేది మాత్రం వట్టి ఉండటంతో. ఇవి గుర్తుండటం లేదమ్మా, అని పిల్ల తల పట్టుకుంటే, తను పప్పుగరిటె పట్టుకునే, కొండకు పోయొచ్చే పనులన్నీ కదే ఇవి, ఎక్కేది దిగేది పోయేది వచ్చేది, అంది. పుట్టినాక తలనీలాలకు పోతారు, చచ్చేలోపల ఒకసారి అని పోతారు. హేమశ్రీ ఎగిరి ముద్దుపెట్టుకుంది, కొండ మాటలు, కొండ మాటలు, అని పేరు పెట్టేసింది. ఇంకొకటి, ఆడవాళ్ళ సంగతి అయితే కొండ మాటల చివర ఒక అక్షరం ఎక్కువ రాయాలి. ఎల్ సెరా పార్తీ, ఆమె వెళ్ళిపోయి ఉంటుంది. ఆ అక్షరం పలకదు, చెవికి తేడా తెలియదు, కానీ రాయకపోతే మార్కు పోతుంది. పలకనిదానికి రాయడమెందుకు, అంది తను. అడిగిన ప్రశ్నకు ఇప్పుడు గోడ మీద తనే జవాబులాగా కూర్చుని ఉంది, పలకకుండా.

అవ్వ ఇక్కడ ఉన్న ఆ నాలుగు రోజుల్లోనే చదివింది పిల్ల, ఆ రూపానికి ఉన్న రెండో వాడుక. జరగబోయేదానికే కాదంట, జరిగిపోయినదాన్ని చూడకుండా ఊహించి చెప్పేటప్పుడు కూడా ఇదే రూపం. ఆయన ఇంకా రాలేదు, బస్సు తప్పి ఉంటుంది. చప్పుడు లేదు, నిద్రపోయి ఉంటుంది. అరే, ఇది అచ్చం మన తెలుగే, అని పిల్ల గంతులేసింది. తనకూ సంబరమే, ఎక్కడి దేశం, ఎక్కడి భాష, ఆ ఒక్క చోట మన వాకిట్లోకి వచ్చి కూర్చుంది. అప్పుడు పక్కనుంచి దేవకమ్మ, "ఉంటాది అనేది మాత్రం మంచి మాట కాదు పాపా, ఏ భాషలోదైనా," అంది. మండీలో చూసిన మనిషి. లారీ బయల్దేరి ఉంటాది అన్నవాడి మాట నమ్మి కాయ కోయించి, ఒక వేసవి తోట తోటంతా కళ్ళముందు మగ్గి కుళ్ళిపోతే చూసిన మనిషి. కోడలిగా వచ్చిన కొత్తలో, మామ యాడమ్మా అంటే, మండీలో ఉంటాడు అత్తా, అని తను చెప్తే ఒప్పుకునేది కాదు. "ఉంటాడంటే ఏందిమే? ఉండాడు అని చెప్పు, లేకుంటే తెలీదు అని చెప్పు. ఉంటాడు అని మాత్రం నాకు చెప్పొద్దు." ఉండాది, ఉంటాది. మధ్యలో ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం మీద ఇరవై ఏళ్ళు తనను దిద్దింది ఆమె, ఈరోజు పొద్దున ఆమె సంగతే చెప్పడానికి తను ఆ అక్షరమే ఎంచుకుంది.

నిన్న పొద్దుగూకే వేళ ఫోను వచ్చింది. ఇది రఘునాథ్‌కు కూడా చెప్పలేదు. టన్ను అవ్వ, అని తెర మీద కనబడితే పిల్ల గదిలో ఉంది కదా అని తనే ఎత్తింది. "పాప యాడ?" అంది దేవకమ్మ, గొంతు ఎప్పట్లాగే ఉంది, కొంచెం ఆయాసం, మెట్లెక్కి వచ్చిందేమో అనుకుంది. సదువుకుంటా ఉండాది అత్తా. "ఒక్క మాట. ఏం లేదు, ఆ ఓరే ఓరా ఒకసారి అనిపించుకోని పెట్టేస్తా, నవ్వు వస్తాది." తలుపు పది అడుగుల దూరంలో ఉంది, పదీ లేదు, పిలిస్తే పలుకుతుంది. పరీక్ష అయినాక చేపిస్తాలే అత్తా, అంది తను. అవతలనుంచి దేవకమ్మ, "సరే మే, అయినాకే కానీ," అంది. అయినాకే కానీ. కోపమా అది, కాదు, కోపమైతే ఆమె దాచదు. మాటలో ఏముందో అప్పటినుంచి తిప్పి తిప్పి చూస్తూనే ఉంది, ఏమీ లేదు, వట్టి సరే. పిల్ల గదిలోంచి, ఎవరమ్మా, అని అడిగింది. అవ్వ, రేపు మాట్లాడుతుందంట, అని చెప్పింది తను. మాట్లాడుతుందంట. ఆ అంట కూడా తను కలిపిందే.

ఒళ్ళో ఫోను వణికింది. మరిది రవిచంద్ర.

"వదినా, అయ్యోరు తొందర చేస్తా ఉండాడు. గురువారం గదా, ఒకటిన్నరకు రాహుకాలం తగులుతాదంట, ఆలోపలే ఎత్తేయాలంటాడు. బంధువులంతా వచ్చేసినారు. మీరు యాడున్నారు?"

"ఇంకా వదల్లేదు రవీ. పన్నెండుకు వదుల్తారు. కారు మాట్లాడి పెట్టినా, వీధి మలుపులోనే ఉండాది. ఒక్క రవ్వ ఉండమను."

"నేను ఉండమంటే ఉండేవాళ్ళా వదినా. అన్న మూలన కూర్చోని ఎవురితోనూ మాట్లాడటం లేదు. పాపకు తెలుసునా?"

"లేదు."

"పోనీలే. ఇప్పుడే ఫోన్ వచ్చిందని చెప్పు. పిల్ల ముందే తెలిసి దాచినారని బాధపడుతాది. పరీక్ష రాస్తా ఉండంగా పోయిందని చెప్పేయి, ఎవురూ కాదనరు. అందరికీ నేను చెప్పి పెడతా."

పెట్టేశాడు. ఎంత సులువు. ఇప్పుడే వచ్చింది. రెండు మాటలు. అందరూ ఒప్పుకుంటారు, రఘునాథ్ కూడా మాట్లాడడు, ఇంటిల్లిపాదీ ఒక అబద్ధాన్ని పల్లకీలాగా తలా ఒక భుజం పట్టి మోస్తారు, పిల్ల బతుకంతా అవ్వ తను పరీక్ష రాస్తుండగా పోయిందని అనుకుంటుంది. గోడ మీద కూర్చుని పెదవులు కదలకుండా అని చూసుకుంది, ఇప్పుడే ఫోన్ వచ్చింది పాపా. గొంతు ఎక్కడ తగ్గించాలో కూడా తెలిసిపోయింది. దీపం పెట్టింది తప్పు కాదు అప్పుడు, ఇడ్లీ తినింది తప్పు కాదు, నవ్వింది తప్పు కాదు. పిల్ల మంచికే. ఏది ముందు ఏది వెనక, అంతే కదా మార్చేది. కానీ ఆ పాఠం అంతా దేని గురించి, ఏది ముందు అయిపోయి ఉంటుంది, ఏది వెనక వస్తుంది, దాన్ని తప్పు రాస్తే వాక్యమే తప్పు అని కదా నెలరోజులు పిల్లకు పుస్తకం పట్టింది.

దేవకమ్మ అయితే ఏం చేసి ఉండేది. ఈ ప్రశ్నకు జవాబు ఉంది, ఆమే ఒకసారి చెప్పింది. వాళ్ళ పుట్టింటి వైపు ఒక పెళ్ళి, ముహూర్తం పొద్దున పెళ్ళికూతురి మేనమామ పోయాడని కబురు వస్తే, కబురు తెచ్చినవాణ్ణి వంటశాల వెనక కూర్చోబెట్టి, అన్నం పెట్టి, తాళి పడేదాకా వాడి నోరు తెరవనివ్వలేదంట దేవకమ్మ. తెలిసినోళ్ళకే మైల, తెలీనోళ్ళకు లేదు, ఆ మైలంతా నేనొక్కదాన్నే మోసినా, అని చెప్పింది. ఆ మాట పట్టుకునే పొద్దున తను తలుపుకు అడ్డం నిలబడింది, అత్త చూపిన దారే కదా అని. దాని వెనక ఇంకో ముక్క ఉంది, అది ఇప్పుడు, ఎండ ఒళ్ళోకి వచ్చినాక గుర్తొచ్చింది. చిక్కుడు ఈనె తుంచి పారేస్తూ అంది దేవకమ్మ, "పెండ్లి ఆగలేదు గానీ మే, ఆ పిల్ల ఇప్పటికీ నా మొగం చూసి మాట్లాడదు. పక్కకు చూసి మాట్లాడతాది. మంచి పిల్లే."

గంట కొట్టారు. గేటు తీయకముందే అమ్మలంతా లేచారు. పిల్లలు గుంపుగా బయటపడ్డారు, ఒకటే కేకలు, ప్రశ్నపత్రాలతో విసురుకుంటూ, ఆ గుంపులో రెండు జడలు, ఎర్ర రిబ్బను కాదు, ఈరోజు నల్లది, తనే కట్టింది, ఎందుకు నల్లది తీసిందో అప్పుడు అనుకోలేదు. హేమశ్రీ ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, పేపరు శానా ఈజీ! ఫోనియ్యి, ఫోనియ్యి, అవ్వకు చెప్పాల."

ఫోను ఇవ్వలేదు రేవతి. పిల్ల చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి తీసుకుపోయింది. నోట్లో రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి.

"అవ్వ పోయింది పాపా."

హేమశ్రీ నవ్వు వెంటనే పోలేదు, ముఖం మీద అట్లాగే కొంచెంసేపు నిలిచింది, పోవాలని తెలియనట్టు. "ఎప్పుడు?" అంది.

ఇప్పుడే. ఒక్క మాట. మునిలక్ష్మి కూతురు పక్కనుంచి ఏదో అరుస్తూ పోయింది. చేతిలో పొట్లం ఆకు తడిగా ఉంది.

"నువ్వు దీపం పెట్టకముందే."

పిల్ల చెయ్యి లాక్కోలేదు. చేతిలో చెయ్యి ఉంది, బరువు లేకుండా ఉంది. "పడుకోనుంటాది అన్నావే."

"అన్నాను."

"నాయనకు తెలుసునా?"

"తెలుసు. చెప్తానన్నాడు. నేనే వద్దన్నా." ఇంకొకటి ఉంది, ఇక్కడ ఆపితే ఇంకెప్పుడూ రాదు. "నిన్న సాయంత్రం అవ్వే నీ కోసం ఫోన్ చేసింది. నీకు ఇయ్యలేదు నేను. పరీక్ష అయినాక అని చెప్పినా."

హేమశ్రీ చేతిలోని ప్రశ్నపత్రం మడిచింది, మళ్ళీ విప్పింది. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. "సొంత వాక్యం ఒకటి రాయమని అడిగినారు," అంది మెల్లగా. "కాఁ ఝోరే ఫినీ లెగ్జామాఁ, ఝాపెల్‌రే మా గ్రాఁమేర్. అదే రాసినా." పరీక్ష ముగించినాక మా అవ్వకు ఫోన్ చేస్తాను. రేవతికి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు, ఆ వాక్యానికి తనే పుస్తకం పట్టింది. "తప్పేం లేదు కదమ్మా? గ్రామరు తప్పు లేదు."

"లేదు."

"మార్కు వేస్తారు."

అప్పుడు ఏడ్చింది, అమ్మ భుజం మీద కాదు, కానుగ మానుకు నుదురు ఆనించి. రేవతి పిల్ల వీపు మీద చెయ్యి వేయబోయి, వేయలేక, నిలబడింది. కొంచెంసేపటికి పిల్ల చున్నీతో ముఖం తుడుచుకుని, చెట్టు వైపే చూస్తూ అడిగింది. "మనం పోయేసరికి ఎత్తేసుంటారా?"

నాలుక కొస మీదికి వచ్చేసింది, ఎత్తి ఉండరులే, నీ కోసం చూస్తా ఉంటారు, పిల్ల దారి పొడుగునా దాన్ని పట్టుకుని పోతుంది, తీయగా, మెత్తగా, పొద్దుటి మాటలాగే. మింగేసింది.

"తెలీదు పాపా," అంది. "ఒకటిన్నర లోపల ఎత్తాలంటున్నారు. తెలీదు."

కారు మలుపులోనే ఉంది. హేమశ్రీ వెనక తలుపు తీయలేదు, ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. చంద్రగిరి దాటారు. డ్రైవరుకు ముందే చెప్పి ఉంది కాబట్టి బండి వేగంగా తోలుతున్నాడు, లారీల పక్కనుంచి, మామిడి తోటల పక్కనుంచి, పూత రాలి పిందె కట్టిన చెట్లు, ఈసారి కాపు బాగుండాది అని మొన్ననే చెప్పింది దేవకమ్మ, చూసి చెప్పింది. ముందు సీట్లోంచి చెయ్యి వెనక్కి వచ్చింది, తల తిరగలేదు, చెయ్యి మాత్రమే, అరచెయ్యి పైకి. రేవతి ఫోను అందులో పెట్టింది. పిల్ల చిన్నాయనకు చేయలేదు. టన్ను అవ్వ అని ఉన్న నంబరుకే చేసింది. పరీక్ష అయినాక చేస్తానన్న ఫోను. మోగింది, మోగింది, ఎవరో ఎత్తారు, వెనక ఏడుపులు, డప్పు.

"అవ్వా," అంది హేమశ్రీ, అలవాటున, తర్వాత ఊపిరి లోపలికి పోయింది. "చిన్నాయనా. అవ్వ ఉండాదా?"

రవిచంద్ర గొంతు ఫోను దాటి వెనక సీటు దాకా వినబడింది, డప్పుకు మించి అరుస్తున్నాడు. "ఉండాది పాపా! ఉండాది! మీ నాయన పాడె కాడ అడ్డం కూర్చోనుండాడు, ఎవుర్నీ ఎత్తనియ్యనంటాడు. అయ్యోరు అరస్తా ఉండాడు, అరవనీ. యాడికొచ్చినారు?"

"పాకాల క్రాసు," అంది పిల్ల, కిటికీలోంచి బోర్డు చూసి, కళ్ళు తుడుచుకుని, ఇంకోసారి చూసి. "వస్తా ఉండాను."

పొట్లం విప్పలేదు రేవతి, ఒళ్ళో అట్లాగే పట్టుకుని ఉంది. ముందు సీటు మీదుగా రెండు జడలు, నల్ల రిబ్బన్లు కనబడుతున్నాయి. ఫోను తిరిగి ఇవ్వడానికి మళ్ళీ చెయ్యి వెనక్కి వచ్చింది. ముఖం రాలేదు.

"ఉండాదంట అమ్మా," అంది హేమశ్రీ, రోడ్డు వైపు చూస్తూ.